పక్షవాతం తర్వాత ఇంటికి తెచ్చాక: మొదటి 3 నెలలు ఏం చేయాలి, ఎలా చేయాలి

గండం గడిచింది, డిశ్చార్జి చేశారు. ఇక వేళకు తినిపించి, మందులేసి, కదలనీయకుండా పడుకోబెడితే మెల్లగా కోలుకుంటారని చాలా ఇళ్లలో అనుకుంటారు. కానీ ఇంటికొచ్చాక జరిగే నష్టంలో పెద్ద భాగం ఈ ఆపేక్ష వల్లే జరుగుతుంది. పడుకోబెట్టి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. లేపుదామని చెయ్యి పట్టి లాగితే భుజం జారుతుంది. కదిలిస్తే నొప్పి పుడుతుందని ఒకే పక్కన వదిలేస్తే వీపు కింద పుండు పడుతుంది. ఈ మూడింటినీ చాలావరకు ఆపొచ్చు. దానికి ఖరీదైన సామాను అక్కర్లేదు, చేసే పద్ధతి తెలిస్తే చాలు. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు ఉన్న తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. ఆసుపత్రి బరంపురంలోనో కోరాపుట్‌లోనో శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉంటుంది. ఇల్లు మాత్రం అక్కడికి గంటల దూరం. ఏ చిన్న సందేహానికీ పరుగెత్తి వెళ్లలేరు కాబట్టి ఇంట్లో చేసేది సరిగ్గా చేయాలి.

ఆసుపత్రి గుమ్మం దాటకముందే

డిశ్చార్జి కాగితం చేతికిచ్చి పంపేస్తారు. దాన్ని మడిచి సంచిలో పెట్టేయకండి. డాక్టర్‌నో నర్సునో నిలబెట్టి ఈ కింది సంగతులు అడిగి, జవాబులు తెలుగులో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, వచ్చింది ఏ రకం పక్షవాతం అని. రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లి మెదడులో రక్తస్రావమైందా? మూసుకుపోయినవారికి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లాంటి మందులిస్తారు. రక్తస్రావమైనవారికి అదే మందు ప్రమాదం. పక్కింటాయనకూ ఇదే జబ్బు కదా అని ఆయన బిళ్ల తెచ్చి వేయకూడదనేది ఇందుకే.

రెండోది, మింగుడు పరీక్ష చేశారా? నోటితో ఏమేం పెట్టొచ్చు? నీళ్లు, అంబలి, మెత్తని అన్నం వేటికవి విడివిడిగా అడగండి. మూడోది బీపీ ఎంత లోపు ఉండాలి. చాలామందికి 130/80 లోపు అంటారు, మీవారికి చెప్పిన అంకె రాసుకోండి. నాలుగోది ఒక్కో మందు ఎన్నాళ్లు వాడాలి. కొందరికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మొదటి 3 వారాలు ఇచ్చి, తర్వాత ఒకటే ఉంచుతారు. ఆ తేదీ రాయించుకోకపోతే నెలల తరబడి రెండూ మింగుతూ ఉంటారు, లేదా రెండూ ఒకేసారి మానేస్తారు.

ఆఖరి రోజు ఫిజియోథెరపిస్ట్ మంచం నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు పక్కన నిలబడి చూడటంతో సరిపెట్టకండి. వాళ్లు చూస్తుండగా మీరే ఒకసారి చేయండి. వాళ్ల అనుమతితో ఫోన్‌లో వీడియో తీసుకోండి. ముక్కు గొట్టం, మూత్రం గొట్టం ఉంటే వాటిని ఎప్పుడు మార్చాలి, ఎక్కడ మారుస్తారు అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. దగ్గర్లోని సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రంలో) మార్చగలిగితే అంత దూరం తిరిగి రానక్కర్లేదు.

గది, మంచం

చాప మీద, కింద పరుపు మీద పడుకునే అలవాటున్నా ఇప్పుడు మంచం తప్పదు. నేల మీది మనిషిని లేపడం ఇద్దరు బలమైనవాళ్లకూ కష్టమే, లేపేవాళ్ల నడుం పోతుంది. నులక మంచం, నవారు మంచం కూడా వద్దు. మధ్యలో కుంగిపోయి మనిషి గుంతలో పడ్డట్టు ఉంటారు, పక్కకు తిప్పడానికి వీలుపడదు. చెక్క మంచం మీద 4 అంగుళాల గట్టి పరుపు సరిపోతుంది. రోగి అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు 90 డిగ్రీల దగ్గర వంగాలి. చాలామందికి పరుపుతో కలిపి 18 నుంచి 20 అంగుళాల ఎత్తు అవుతుంది. ఎత్తు తక్కువైతే వట్టి ఇటుకలు పెట్టకండి, జారతాయి. మంచం కోడు కూర్చునేలా గుంత తవ్విన చెక్క దిమ్మలు వడ్రంగి చేత చేయించండి.

మంచాన్ని గోడకు ఆనించకండి. రెండు పక్కలా మనిషి నిలబడే చోటు కావాలి. దోమతెర కూడా ఆ లెక్కనే వెడల్పుగా కట్టండి. కదల్లేని మనిషి దోమను తోలుకోలేరు, మన వైపు మలేరియా ఉన్న ప్రాంతం, డెంగీ దోమ పగలే కుడుతుంది, కాబట్టి పగలు కునుకు తీసేటప్పుడూ తెర దించాలి. పాత ఇళ్లలో గడప ఎత్తుగా ఉంటుంది, నడక మొదలయ్యాక తట్టుకుని పడేది అక్కడే. రెండు వైపులా చెక్క వాలు వేయించండి, లేదంటే గడప మీద తెల్ల రంగు వేసి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ బిగించండి.

కోరాపుట్ వైపు చలికాలంలో మంచం కింద కుంపటి పెట్టే అలవాటుంటే మానేయండి. చాలామందికి పడిపోయిన వైపు స్పర్శ సరిగా తెలియదు, చర్మం కాలుతున్నా మనిషి చెప్పలేరు. ఇసుక మూట, వేడి ఇటుక, వేడినీళ్ల సంచితో కాపడం పెట్టొద్దనేదీ అందుకే. స్నానం నీళ్ల వేడి మీ మోచేతితో చూసి, రోగికి మంచి వైపు చేతి మీద పోసి అడిగాకే ఒంటి మీద పోయండి.

తినిపించడం: అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని

గొంతులో అన్నం దారీ గాలి దారీ పక్కపక్కనే ఉంటాయి. మింగే క్షణంలో గాలి దారి మూసుకోవాలి. పక్షవాతంలో ఆ కండరాలు ఆలస్యంగా కదులుతాయి. పల్చటి నీళ్లు ఈలోపే జారిపోయి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. దగ్గు వస్తే తెలుస్తుంది, కొందరికి దగ్గు కూడా రాదు. తిన్నాక గొంతులో తడి గురగుర, మాట నీళ్లలోంచి వచ్చినట్టు ఉండటం, ఆయాసం, ఆ రాత్రో మర్నాడో జ్వరం, వీటిలో ఏది కనిపించినా నోటితో పెట్టడం ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

తినిపించే తీరు ఇది. రోగి పూర్తిగా మెలకువగా ఉండాలి, మగతలో ఉంటే ఆ పూట ఆగండి. కుర్చీలో కానీ, వీపు వెనక గట్టి దిండ్లు పెట్టి మంచం మీద కానీ నిటారుగా కూర్చోబెట్టండి. ఒరిగిపోయే వైపు ఒక దిండు పెట్టండి. మీరు నిలబడి పెట్టకూడదు. మీరు పైనుంచి చెంచా అందిస్తే ఆయన గడ్డం పైకి లేస్తుంది, గాలి దారి తెరుచుకుంటుంది. ఎదురుగా చిన్న స్టూల్ వేసుకుని ఆయన కళ్ల ఎత్తులోనో ఇంకాస్త కిందనో కూర్చోండి. గడ్డం కొంచెం ఛాతీ వైపు వంచి మింగమనండి, ఆసుపత్రిలో వేరేలా నేర్పి ఉంటే అదే పాటించండి. టీ చెంచాలో సగం మించకుండా, నోట్లో మంచి వైపు పెట్టండి. మింగారో లేదో గొంతు ముడి లేచి దిగడం చూసి, నోరు తెరవమని చూసి, అప్పుడే రెండో చెంచా. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించకండి, టీవీ ఆపేయండి. తిన్నాక కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టండి.

చెంబో గ్లాసో పెదవికి తగలకుండా ఎత్తి గొంతులో పోసుకునే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. ఇప్పుడు అంతకంటే ప్రమాదం మరొకటి లేదు. తల వెనక్కి వాలి, ధార నేరుగా గొంతులో పడుతుంది. సీసా మూతితో, స్ట్రాతో తాగించడం కూడా థెరపిస్ట్ సరే అనేదాకా వద్దు.

ఏం పెట్టాలి? నీళ్లు పల్చగా వద్దని ఆసుపత్రిలో చెప్పి ఉంటే ద్రవాలన్నీ చిక్కగా చేయాలి. మన చోడి (రాగి) అంబలి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఉండలు లేకుండా కాచి, వడగట్టి, గంటె వంచితే ధారగా కాక ముద్దముద్దగా జారేంత చిక్కగా ఉండాలి. షుగర్ ఉన్నవారికి చోడి అంబలి కూడా లెక్కలోకే వస్తుంది, ఎన్నిసార్లు ఇవ్వొచ్చో అడగండి. దాల్మా మెత్తగా మెదిపి పెట్టొచ్చు. మెత్తగా వండి చిదిపిన అన్నంలో పప్పు, అరటిపండు గుజ్జు, గట్టి పెరుగు, బాగా మెదిపిన బంగాళాదుంప మంచివి.

పఖాళ, అంటే నీళ్లు పోసిన చద్దన్నం సంగతి విడిగా చెప్పాలి. ఎండాకాలం అందరికీ అదే కావాలి, పెద్దవాళ్లు అడిగి అడిగి తింటారు. కానీ అందులో నీళ్లు, మెతుకులు వేరువేరుగా ఉంటాయి. నోరు మెతుకులు నములుతుంటే నీళ్లు ముందే గొంతులోకి దిగిపోతాయి. మింగుడు సరిగా లేనివారికి ఇలా రెండు రకాలు కలిసిన తిండి అన్నిటికంటే కష్టం. చద్దన్నం తీరా కావాలంటే నీళ్లు వంచేసి, పెరుగుతో మెత్తగా రుబ్బి, అంతా ఒకే చిక్కదనంలో, ఉప్పు తగ్గించి ఇవ్వండి. మరమరాలు, అటుకులు, వేరుశనగలు, పొడిపొడిగా రాలే పకోడీలు మింగుడు పూర్తిగా కుదిరేదాకా వద్దు.

ఉప్పు రోజు మొత్తానికి ఒక టీ చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. కూరలో తగ్గించి, పక్కన ఎండుచేప వేయించి, ఆవకాయ వడ్డిస్తే లెక్క తప్పుతుంది. బీపీ మందు వాడుతున్నా దిగట్లేదని వచ్చే చాలా ఇళ్లలో ఎండుచేప రోజూ ఉంటుంది.

తిన్న ప్రతిసారీ నోరు శుభ్రం చేయాలి. పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద మిగిలిపోతుంది, ఆయనకు తెలియదు. పడుకోగానే అది జారి గొంతులో పడుతుంది. మెత్తని తడి గుడ్డ వేలికి చుట్టి బుగ్గ లోపల తీయండి, రోజుకు 2 సార్లు మెత్తటి బ్రష్‌తో పళ్లు తోమండి. ముక్కు గొట్టంతో తినేవారికీ ఇది తప్పదు. నోట్లో పెరిగే క్రిములే ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి.

ముక్కు గొట్టం ఉంటే

1. తల వైపు కనీసం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తండి, కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది.
2. ముక్కు దగ్గర గొట్టం మీద నర్సు పెట్టిన గుర్తు అక్కడే ఉందో లేదో ప్రతిసారీ చూడండి. గొట్టం బయటికి జరిగినా, నోట్లో చుట్టుకుని కనిపించినా ఏమీ పోయకండి.
3. 50 మి.లీ. సిరంజి లోపలి కడ్డీ తీసేసి, గొట్టానికి తగిలించి, ముందు 30 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు.
4. తర్వాత వడగట్టిన పల్చటి ఆహారం, ఒక్కసారికి సుమారు 200 మి.లీ., ఆసుపత్రిలో చెప్పిన లెక్క ప్రకారం. కడ్డీతో నెట్టకూడదు, దానంతటదే దిగాలి. 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. తొందరపడి నెడితే వాంతి, వాంతి గొంతులో పడితే న్యుమోనియా.
5. చివర మళ్లీ 30 మి.లీ. నీళ్లు. ఇది మానేస్తే గొట్టం పూడుకుపోతుంది.
6. ఒక గంట తల ఎత్తుగానే ఉంచండి. ఈ గంటలో పక్కకు తిప్పడం, ఫిజియో చేయించడం వద్దు.

బిళ్లలు ఒక్కొక్కటీ విడిగా నూరి, 15 మి.లీ. నీళ్లలో కలిపి పోయాలి. కొన్ని బిళ్లలు నూరకూడనివి, రోజంతా నెమ్మదిగా పనిచేయడానికి చేసినవి. ఏవి నూరొచ్చో మందుల షాపులో ఫార్మసిస్టును బిళ్ల బిళ్లకూ అడగండి. గొట్టం ఊడివస్తే ఇంట్లో ఎవరూ మళ్లీ తోయకూడదు. అది గాలి గొట్టంలోకి వెళ్లినా బయటికి తెలియకపోవచ్చు.

పుండ్లు పడకుండా

2 గంటలకోసారి భంగిమ మార్చండి. వెల్లకిలా, మంచి వైపు, పడిపోయిన వైపు, ఇలా వరుస. పడిపోయిన వైపు పడుకోబెట్టొచ్చు, పడుకోబెట్టాలి కూడా, కానీ ఆ భుజం ఒంటి కింద నలగకుండా ముందుకు లాగి ఉంచాలి, అక్కడ కొంచెం తక్కువ సేపు. పూర్తి పక్కకు కాక 30 డిగ్రీలు వాలేలా వీపు వెనక దిండు పెడితే తుంటి ఎముక మీద బరువు పడదు. వెల్లకిలా ఉన్నప్పుడు పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో తేలేలా చూడండి.

తిప్పేటప్పుడు ఈడ్చకూడదు. పాత మెత్తటి నూలు చీరను నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడల సగం దాకా ఒంటి కింద పరవండి. ఇద్దరు చెరో వైపు చీర అంచు చుట్టి పట్టుకుని, ఒకటి రెండు మూడు అని ఎత్తి జరపండి. చీర మడతల గీతలు వీపు కింద మిగలకూడదు, చేత్తో సాపు చేయండి. రెక్సిన్ షీటు నేరుగా ఒంటికి తగిలితే చెమట పట్టి చర్మం నాని చిరుగుతుంది, పైన నూలు గుడ్డ తప్పనిసరి.

ఉదయం, సాయంత్రం స్నానం చేయించేటప్పుడు వెలుతుర్లో చూడాల్సినవి: నడుం కింది ఎముక, తుంటి, మడమ, చీలమండ, మోచేయి, చెవి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ప్రస్తుతానికి ఫర్వాలేదు. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనచాయ ఒంటి మీద ఎరుపు కనిపించదు, చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా, లేదా మెత్తగా తగిలితే అదే గుర్తు. అక్కడ బరువు పూర్తిగా తీసేయండి. రుద్దకండి, లోపల దెబ్బతిన్న కండ ఇంకా చితుకుతుంది. మధ్యలో చిల్లున్న గుండ్రటి దిండ్లు వద్దు, చుట్టూ రక్తం ఆగిపోతుంది. పసుపు, పౌడరు, ఆకుపసరు పుండు మీద పెట్టకండి.

గాలి పరుపు కొంటే మంచిదే, కానీ అది తిప్పడానికి బదులు కాదు. దాని కింద మామూలు పరుపు తీయకండి, కరెంటు పోతే మెల్లగా గాలి దిగిపోయి మనిషి చెక్క మీద పడతారు. తుంటి కింద, గాలి పరుపు అడుగున మీ అరచెయ్యి పెట్టి చూడండి. మీ చేతికీ ఒంటికీ మధ్య కనీసం ఒక అంగుళం గాలి ఉండాలి.

పడిపోయిన చెయ్యి లాగకండి

భుజం కీలును పట్టి ఉంచేది ఎక్కువగా కండరాలే. అవి పనిచేయనప్పుడు చేతి బరువుకే కీలు కిందికి జారుతుంది. దాని మీద లాగితే ఇక ఆ నొప్పి నెలల తరబడి నిద్రపోనివ్వదు, వ్యాయామం చేయనివ్వదు. అందుకే లేపడానికి ఆ చెయ్యి పట్టొద్దు, చంక కింద చెయ్యి వేసి ఎత్తొద్దు, చూడ్డానికొచ్చిన బంధువుల్లో ఎవరూ ఆ చేతిని ఊపి చూడకుండా ఆపండి. మంచం పైన తాడు, కప్పీ కట్టి మంచి చేత్తో పడిపోయిన చెయ్యి పైకి లాగించే వ్యాయామం కూడా చేయించకండి.

కూర్చున్నప్పుడు ఆ చెయ్యి ఒళ్లో దిండు మీదో, బల్ల మీదో ఉండాలి, పక్కన వేలాడకూడదు. పడుకున్నప్పుడు భుజం కింద నుంచి చెయ్యి మొత్తానికి దిండు, వేళ్లు తెరిచి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. రవికె, నైటీ ముందు వైపు గుండీలున్నవి కుట్టించుకుంటే తల మీదుగా లాగే బాధ ఉండదు.

వ్యాయామం రోజుకు 2, 3 సార్లు, ఒక్కో కీలుకు 10 సార్లు, నెమ్మదిగా. భుజం ముందుకు ఛాతీ ఎత్తు వరకే, ఒక చేత్తో మోచేయి కింద, ఒక చేత్తో మణికట్టు కింద పట్టి. మోచేయి చాపడం, అరచెయ్యి తిప్పడం, మణికట్టు వెనక్కి వంచి వేళ్లు తెరవడం, బొటనవేలు బయటికి లాగడం. కాలికి ముఖ్యమైనది చీలమండ: మడమ మీ అరచేతిలో పట్టి, మీ ముంజేతితో పాదాన్ని మోకాలి వైపు నెట్టి 20 సెకన్లు ఉంచండి. ఇది మానేస్తే పాదం కిందికి బిగుసుకుపోయి, రేపు కాలికి బలం వచ్చినా మడమ నేలకు ఆనదు. నొప్పి అన్నచోట ఆగండి.

రబ్బరు బంతి ఇచ్చి రోజంతా నొక్కమని చాలామంది సలహా ఇస్తారు. వేళ్లు ఇప్పటికే ముడుచుకుని బిగుసుకుంటున్నవారికి అది మంచిది కాదు. పిడికిలి బిగించడం దానంతటదే వస్తుంది, తెరవడమే రావట్లేదు. తెరిచే పని చేయించండి: బల్ల మీద గ్లాసు దగ్గరికి చెయ్యి చాపడం, తువ్వాలు వేళ్లతో ముందుకు తోయడం, గ్లాసు పట్టి వదలడం.

మంచం నుంచి కుర్చీలోకి

1. కుర్చీ మంచి వైపు, మంచానికి ఆనుకుని కొంచెం వాలుగా. చక్రాల కుర్చీ అయితే రెండు బ్రేకులూ వేసి, పాదాల పలకలు మడవండి.
2. రోగిని మంచి వైపు తిప్పి, కాళ్లు మంచం దిగువకు జార్చి, మెడ కింద కాక భుజం వెనక పట్టి లేపి కూర్చోబెట్టండి. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. కళ్లు తిరుగుతున్నాయంటే మళ్లీ పడుకోబెట్టండి.
3. కాళ్లకు పట్టుండే చెప్పులు. వట్టి సాక్సులతో గచ్చు మీద నిలబెట్టకండి.
4. నడుముకు వెడల్పాటి గుడ్డ బెల్టు కట్టండి. మీ పట్టు బెల్టు మీదే, మీ మెడ చుట్టూ ఆయన చేతులు వేయనివ్వకండి.
5. ఎదురుగా నిలబడి, మీ మోకాళ్లతో ఆయన బలహీనమైన మోకాలిని ముందుకు మడవకుండా అడ్డుకోండి.
6. ముక్కు కాలివేళ్లను దాటేదాకా ముందుకు వంగమనండి. అప్పుడు బరువు పాదాల మీదికొచ్చి పిర్రలు వాటంతటవే లేస్తాయి. వెనక్కి వాలి ఉండగా లాగితే ఇద్దరూ పడతారు.
7. నిలబడ్డాక మంచి కాలి మీద చిన్న అడుగులతో తిరిగి, కుర్చీ అంచు పిక్కలకు తగిలాకే, మంచి చేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుని కూర్చోవాలి.

నడిపించేటప్పుడు మీరు బలహీనమైన వైపు, అర అడుగు వెనగ్గా. కర్ర మంచి చేతిలో. నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు ముడత ఎత్తులో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు.

నేల మీది లెట్రిన్ ఇప్పట్లో వద్దు. దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ మందుల షాపుల్లో దొరుకుతుంది, కాళ్ల రబ్బర్లు అరగలేదో చూసుకోండి. స్నానానికి వీపు ఆనించుకునే ప్లాస్టిక్ కుర్చీ, మంచి వైపు గోడకు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో కమ్మీ. తువ్వాలు వేసుకునే రాడ్ పట్టుకుంటే ఊడివస్తుంది. 2, 3 గంటలకోసారి మూత్రానికి తీసుకెళ్లడం అలవాటు చేస్తే డైపర్ అవసరం తగ్గుతుంది. మూత్రం గొట్టం ఉంటే సంచి ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు, సగం దాటగానే వంచేయాలి.

మందులు, బీపీ

విశాఖలో రాసిన బ్రాండు గుణుపురంలో దొరకకపోవచ్చు. షాపులో ఇంకో పేరుతో ఇస్తారు. అది తప్పు కాదు, కానీ పాత డబ్బాలో మిగిలినవీ కొత్తవీ రెండూ వేసేస్తే మందు రెట్టింపవుతుంది. ఎకోస్ప్రిన్ అన్నా మరో పేరన్నా ఆస్పిరిన్ ఆస్పిరినే. కొన్ని బిళ్లల్లో రెండు మందులు కలిసి కూడా ఉంటాయి. నోట్‌బుక్‌లో బ్రాండు పేరు కాక మందు అసలు పేరు, ఎన్ని మి.గ్రా., ఏ పూట అని రాసి, షాపులో అది చూపించండి. జన ఔషధి కేంద్రాల్లో అసలు పేరుతోనే తక్కువ ధరకు దొరుకుతాయి. సర్కారు ఆసుపత్రి నిరామయ కౌంటర్‌లో ఉచితంగా ఇచ్చేవి ఏమున్నాయో కూడా అడగండి. ఇంట్లో మందు అయిపోయే 7 రోజుల ముందే తెచ్చుకోండి.

బీపీ మామూలుకొచ్చిందని మందు ఆపడం పెద్ద పొరపాటు. మందు వేసుకుంటున్నారు కాబట్టే మామూలుగా ఉంది. ఒక మోతాదు మరిచిపోతే తర్వాతి పూట రెండు వేయకండి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్లలు డాక్టర్‌ను అడక్కుండా వద్దు, బీపీ పెంచుతాయి, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం రావచ్చు.

బీపీ చూసేటప్పుడు 5 నిమిషాలు కూర్చోబెట్టి, మంచి చేతికి పట్టీ కట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాయండి. పడిపోయిన చేతికి చూస్తే అంకె తేడాగా రావచ్చు.

పావురం రక్తంతో మర్దన, పావురం మాంసం, మలాములు అంటూ సలహాలు చాలా వస్తాయి. పావురం రక్తం వల్ల చచ్చుబడ్డ నరం లేచిన దాఖలా లేదు. నూనెతో మెత్తగా రాయడం వల్ల హాని లేదు, కానీ పిక్క వాచి వేడిగా ఉంటే అసలు ముట్టకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం పోతుంది. ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఏ నాటు మందు కోసమూ ఆస్పిరిన్, బీపీ బిళ్లలు ఆపకండి.

మాట, మనసు

కుడి వైపు పడిపోయినవారికి మాట పోవడం ఎక్కువ. మాట పోతే తెలివి పోయినట్టు కాదు, చెవుడు వచ్చినట్టూ కాదు. గట్టిగా అరవకండి, ఆయన ముందే ఆయన గురించి ఇతరులతో మాట్లాడకండి. చిన్న వాక్యం, ఒక్క ప్రశ్న, 10 సెకన్లు ఆగడం. అవును, కాదు అని తల ఊపుతున్నారంటే అది నమ్మదగినదో లేదో ముందు తేల్చుకోండి. మనవడి పేరు తప్పుగా చెప్పి ఇదేనా అని అడిగితే కాదనాలి. నీళ్లు, అన్నం, లెట్రిన్, నొప్పి, చలి, నిద్ర, వీటి బొమ్మలు అట్ట మీద అంటించి మంచి చేతికి అందేలా పెట్టండి.

మన దగ్గర ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొందరికి సవర, కువి కూడా వచ్చు. పక్షవాతం తర్వాత ఏ భాష ముందు తిరిగొస్తుందో ముందే చెప్పలేం. ఒడియా మాటే ముందొస్తే దాన్ని ఆపి తెలుగులో చెప్పమనకండి, వచ్చిందాన్నే పట్టుకోండి. థెరపిస్టుకు ఆయనకు వచ్చిన భాషలన్నీ చెప్పండి. ఒకటి నుంచి పది దాకా అంకెలు, వారాల పేర్లు, రోజూ చెప్పుకునే నామం, పాత పాట కొన్నిసార్లు మాట కంటే ముందే వస్తాయి. వాటితో మొదలుపెట్టండి.

ఎడమ వైపు పడిపోయినవారిలో కొందరు ఆ వైపు లోకాన్నే గమనించరు. పళ్లెంలో కుడి సగం తిని ఎడమ సగం వదిలేస్తారు, అది మొండితనం కాదు. ఎడమ వైపు కూర్చుని పలకరించి, అటు తల తిప్పించడం అలవాటు చేయండి. కాలింగ్ బెల్, నీళ్ల గ్లాసు మాత్రం కుడి వైపే.

ముగ్గురిలో ఒకరికి పక్షవాతం తర్వాత డిప్రెషన్ వస్తుంది. రెండు వారాలు వరసగా తిండి, నిద్ర, వ్యాయామం మీద ఇష్టం పోతే డాక్టర్‌కు చెప్పండి, మందులున్నాయి. చావాలని ఉందంటే ఆ రోజే చెప్పండి. మానసిక సమస్యలకు సాయం చేసే 14416 టెలీ మానస్ నంబరుకు రోగి కానీ మీరు కానీ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. కారణం లేకుండా ఒక్కసారిగా ఏడుపో నవ్వో ముంచుకొచ్చి ఆగిపోవడం వేరే, అది మెదడు దెబ్బ వల్ల వచ్చేది. దాన్ని పట్టించుకోకుండా మాట మార్చండి.

ఎప్పుడు పరుగెత్తాలి

మళ్లీ పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి వారాల్లోనే ఎక్కువ. మూతి కొత్తగా వంకరపోవడం, మంచి వైపు చెయ్యో కాలో బలం తగ్గడం, మాట తడబడటం, చూపు పోవడం, ఒక్కసారిగా తూలిపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, వీటిలో ఒక్కటి చాలు. గడియారం చూసి, ఆఖరిసారి బాగున్నది ఎన్నింటికో రాసుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ చాలావరకు 4.5 గంటల్లోపే ఇస్తారు, సీటీ స్కాన్ చేశాకే ఇస్తారు. తగ్గుతుందేమో అని కాచుకోకండి. నోట్లో నీళ్లు, బిళ్ల, నాలుక కింద బీపీ మందు ఏదీ పెట్టకండి. షుగర్ మందు వాడేవారికి గ్లూకోమీటర్‌తో చూడండి, 70 కంటే తగ్గినా ఇలాంటి లక్షణాలే వస్తాయి.

108కి చేస్తే ముందు రాష్ట్రం, జిల్లా, బ్లాకు పేరు చెప్పి తర్వాత ఊరు చెప్పండి. సరిహద్దులో ఒకే పేరుతో అటూ ఇటూ ఊళ్లుంటాయి. మీకు దగ్గర్లో సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ రాత్రి కూడా ఉండే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. పర్లాకిమిడి, కాశీనగర్ వైపు వారికి బరంపురం కంటే శ్రీకాకుళమే దగ్గర, జయపురం వారికి కోరాపుట్ వైద్య కళాశాల దగ్గర. రాష్ట్రం మారితే ఆరోగ్య కార్డు చెల్లుతుందా, ఏ కార్డు తేవాలి అన్నదీ ఆ ఆసుపత్రిలో ముందే అడగండి.

జ్వరం వస్తే ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష చేయించండి, కానీ మలేరియా లేదని తేలితే అక్కడితో ఆగిపోకండి. ఛాతీ, మూత్రం, వీపు పుండు, ఈ మూడూ చూపించాలి. మలేరియా ఉందని తేలినా ఆయాసం ఉంటే ఛాతీ చూపించాల్సిందే.

చూసుకునేవారి వంతులు

పని మొత్తం ఒక్క కోడలి మీదో కూతురి మీదో పడితే, నెల తిరిగేసరికి ఆమె నడుం, నిద్ర రెండూ పోతాయి. రాత్రి తిప్పడాన్ని వంతులుగా పంచండి: 10, 12 గంటలకు ఒకరు, 2, 4 గంటలకు ఇంకొకరు. గాలి పరుపు ఉండి, ఉదయం చర్మం బాగుంటోందంటే రాత్రి వ్యవధి పెంచొచ్చా అని డాక్టర్‌ను అడగండి. బరువు ఎత్తే పని మగవాళ్లు చేయాలి. దూరంగా ఉన్న కొడుకులు మందులు తెప్పించడం, ఫిజియోథెరపిస్టుకు డబ్బు కట్టడం, నెలకు రెండు రోజులు వచ్చి రాత్రి వంతు తీసుకోవడం చేయొచ్చు. ఫిజియో ఇంటికి రోజూ రాకపోయినా వారానికోసారి వచ్చి చూసి, మిగతా రోజులకు ఏం చేయాలో రాసిచ్చినా పని జరుగుతుంది.

కాగితాల్లో ఒకటి మరవకండి. పరిస్థితి నిలకడపడ్డాక జిల్లా ఆసుపత్రిలో వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కోసం దరఖాస్తు చేయండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు తేలితే చాలా ప్రయోజనాలకు అర్హత వస్తుంది. ఒడిశాలో మధుబాబు పింఛను సంగతి బ్లాకు ఆఫీసులో అడగండి. డిశ్చార్జి కాగితం, సీటీ లేదా ఎంఆర్ఐ ఫిల్ములు, ఆధార్, రేషన్ కార్డు నకళ్లు రెండేసి సెట్లు తీసి ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఫిల్ములు మడవకండి, ఎండలో పెట్టకండి. రెండోసారి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు ఆ కవరు, బీపీ రాసిన నోట్‌బుక్, వాడుతున్న మందుల పట్టీలన్నీ ఒకే సంచిలో పట్టుకెళ్లండి.